తారుమారైందా? తారుమారు చేశారా?

పల్లెల్లో భూమి తగాదా ఏది పైకి వచ్చినా, కూలి డబ్బుల గొడవ ఏది లేచినా చివరికి ఒక్క మాట దగ్గరకొచ్చి ఆగుతున్నది. "రికార్డులు తారుమారైనాయి" అంటారు. మండలాఫీసులో గుమాస్తా ఆ మాటే అంటాడు. పంచాయతీ పెద్దమనిషి ఆ మాటే అంటాడు. అర్జీ రాసిపెట్టే ప్లీడరు గుమాస్తా కాయితం మీద ఆ మాటే పెడతాడు. ఆఖరికి భూమి పోగొట్టుకున్న కూలీ కూడా, "ఏం చేద్దుం సారూ, మా కాయితాలు తారుమారైనయ్" అని చేతులు నలుపుకుంటూ నిలబడతాడు. భూమి తీసుకున్నవాడూ, పోగొట్టుకున్నవాడూ ఒకే మాట వాడుతున్నారంటే ఆ మాటలో ఏదో కిటుకు ఉండాలి. అది ఎవరికి పనికొస్తున్నదో మనం విచారించాలి.

తారుమారు మన ఇళ్లలో పుట్టి పెరిగిన మాటే. తలకిందులు కావడం, గందరగోళం కావడం, ఇక్కడిది అక్కడికీ అక్కడిది ఇక్కడికీ పోవడం దాని అర్థం. అకాల వర్షం పడితే సేద్యం తారుమారైంది అంటాం. ఓట్ల లెక్కింపులో అనుకున్నది ఒకటీ అయింది ఒకటీ ఐతే అంచనాలు తారుమారైనాయి అంటాం. ఇంటి పెద్ద చనిపోతే సంసారం తారుమారైందని కంటతడి పెడతాం. వీటిలో ఎవరి దొంగతనమూ లేదు. వానకు కుట్ర తెలియదు.

ఆ మాటనే కచేరీ గుమ్మంలోకి తీసుకుపోయి చూడండి. అక్కడ దాని అర్థం వేరు. ఒకడి పేరు కొట్టివేసి మరొకడి పేరు రాయడం, పాత తేదీతో కొత్త కాయితం పుట్టించడం, మాగాణిని మెట్టగా చూపడం, పనికి రానివాడికి హాజరు వేయడం - ఇదంతా అక్కడ తారుమారే. అంటే ఒక మనిషి, ఒక రోజున, ఒక కలంతో, ఒకరి లాభం కోసం, మరొకరి నోటి దగ్గర కూడు తీయడానికి చేసిన పని. ఇంత పనికీ వానకు వాడిన మాటే వాడుతున్నాం. వానకు వాడినట్టే "అయింది" అని ముగిస్తున్నాం. చేసినవాడు ఆ "అయింది" చాటున దాక్కుంటున్నాడు.

"తారుమారైంది" అంటే చేసినవాడు లేడు. "తారుమారు చేశారు" అంటే, ఎవరు అనే ప్రశ్న దానంతటదే వస్తుంది. ఈ తేడా బడిపిల్లల వ్యాకరణం కాదు. ఎకరాల లెక్క.

చరిత్రలోకి తొంగిచూస్తే ఈ లెక్క తేలుతుంది. తెలంగాణలో 1949లో జాగీర్లు రద్దైనాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. దున్నేవాడు రక్షిత కౌలుదారుగా రిజిస్టరుకెక్కాడు. రాసినప్పుడు చట్టం మంచిదే. అది అమలైన తీరును ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో పరిశోధించారు. 1958లో ఆ అధ్యయనం అచ్చైంది. 1951లో ఉన్న రక్షిత కౌలుదార్లలో 1954 నాటికి ఆ హోదాలో మిగిలింది నూటికి సుమారు 45 మంది. భూమి కొనుక్కోగలిగింది 12 మంది. చట్టప్రకారం తొలగించబడింది ముగ్గురైనా లేరు. చట్టానికి విరుద్ధంగా వెళ్లగొట్టబడింది 22 మంది. మరి తక్కిన 18 మంది? వాళ్లు "తమంతట తామే భూమి వదులుకున్నారట".

తమంతట తామే! తరతరాలుగా దున్నుకున్న చెలక మీద హక్కు వచ్చిందని చట్టం చెప్పిన మూడేళ్లకే, నూటికి పద్దెనిమిది మంది దాన్ని దానమిచ్చారని నమ్మాలా? గడీ ముందు నిలబెట్టి వేలిముద్ర వేయిస్తే అది "రాజీనామా" అయింది. అడిగినవాడు, బెదిరించినవాడు, పటేలు, పట్వారీ ఒక్కరూ ఆ కాయితంలో కనపడరు. వదులుకున్నవాడొక్కడే కనపడతాడు. "తారుమారైంది" అన్న మాటకూ దీనికీ పోలిక చూడండి. రెండు చోట్లా నేరం చేసినవాడు వాక్యంలోంచి తప్పుకున్నాడు. నష్టపోయినవాడే నేరస్తుడిలా మిగిలాడు.

1973లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ భూగరిష్ట పరిమితి చట్టం చేసింది. ఒక కుటుంబానికి మాగాణి ఐతే రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట ఐతే 35 నుంచి 54 ఎకరాలు అని గీత గీసింది. ఈ గీతలోనే తారుమారుకు దారి ఉన్నది. మాగాణి భూమి కాయితం మీద మెట్టగా మారితే అదే కుటుంబం అంతకు ఎన్నో రెట్ల భూమిని చట్టబద్ధంగా ఉంచుకోవచ్చు. చెరువు కింది మడి మెట్ట అయిందంటే చెరువు ఎండిపోయి కాదు, కలం తిరిగి. 1971 జనవరి 24 తర్వాత జరిగిన బదలాయింపులను అనుమానించి చూడాలని చట్టం చెప్పింది. మరి భూస్వాములేం చేశారు? అంతకు ముందు తేదీలతో కాయితాలు పుట్టించారు. పాలేర్ల పేర, దూరపు చుట్టాల పేర భూములు రాశారు. ఆ పాలేరుకు తన పేర పట్టా ఉన్నట్టు చచ్చేదాకా తెలియదు. "మా వంశంలో పంపకాలు ఎప్పుడో అయినాయి" అన్నారు. మళ్లీ "అయినాయి"!

1984లో పటేలు, పట్వారీ, మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేశారు. అది మంచి పనే. గ్రామ లెక్కలు ఒక ఇంటి సొత్తుగా తరం తర్వాత తరం సాగడం ఆగింది. కానీ పెట్టె మారినంత మాత్రాన లోపలి కాయితాలు మారలేదు. ఎప్పుడో దిద్దిన పహాణీ ఆ తర్వాత వచ్చిన ప్రతి రికార్డుకూ తల్లి అయింది. 2020లో తెలంగాణలో ధరణి వచ్చింది. దానితో అనుభవదారు కాలమ్ పోయింది. అంటే భూమి మీద ఎవరున్నారు, ఎవరు దున్నుతున్నారు అని చెప్పే గడే లేకుండా పోయింది. అడగబోతే, "కంప్యూటర్ల రాలేదు" అన్నారు. 2025లో దాని స్థానంలో భూభారతి చట్టం తెచ్చి, ఆఫీసులోనే అప్పీలు చేసుకునే దారి కల్పించారు. దాన్ని మన వాళ్లు వాడుకోవాలి. ఐతే కంప్యూటరు పట్వారీ కంటే నిజాయితీపరురాలని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. అందులో రాసేదీ మనిషే. పాత పట్వారీ "పొరపాటు" అనేవాడు, కొత్త ఆపరేటరు "సాంకేతిక లోపం" అంటాడు. పేరు మాత్రం అప్పుడూ పేదవాడిదే పోయింది, ఇప్పుడూ పేదవాడిదే పోతున్నది.

భూమి లేనివాడికి ఈ బాధ లేదనుకుంటే అదీ పొరపాటే. వాడి రికార్డు మస్టరు. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదటి జన సునవాయి జరిపింది. కరువు పనుల మస్టర్లనూ బిల్లులనూ ఊరి నడిమధ్యన బిగ్గరగా చదివారు. పని ముఖం చూడనివాళ్ల పేర్లు బయటపడ్డాయి, కట్టని కట్టడాలు బయటపడ్డాయి. ఆ చదువే దేశానికి 2005లో సమాచార హక్కు చట్టాన్ని తెచ్చిన పోరాటానికి ఒక పునాది. మన దగ్గర 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు మొదలైనాయి. ఊరి పిల్లలే మస్టరు పట్టుకుని గడప గడపకూ తిరిగి, "అక్కా, నీకు ఇన్ని రోజులు పడ్డాయట, నిజమేనా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకు గజగజలాడినవాళ్లు ఎంతమందో కూలీలకు తెలుసు.

దానికి విరుగుడుగా పైనుంచి ఫోటో హాజరు వచ్చింది. 2023 జనవరి నుంచి ఉపాధి పనుల దగ్గర ఫోనులో ఫోటో తప్పనిసరి చేశారు. సిగ్నలు లేక కూలి పోగొట్టుకున్నది కూలీ. తారుమారు మాత్రం ఆగిందా? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఉత్తరం రాసి, ఫోటోకు ఫోటో తీసి ఎక్కిస్తున్నారని, పనికి సంబంధం లేని బొమ్మలు పెడుతున్నారని ఒప్పుకున్నది. యంత్రం దొంగను పట్టలేదు. ఊరి ముందు మస్టరు చదివినప్పుడే దొంగ దొరికాడు.

ఇక కాటా దగ్గరకు రండి. అక్కడ తారుమారుకు మరింత మెత్తని పేరున్నది, "తరుగు". తేమ ఉన్నదని, తాలు ఉన్నదని బస్తాకు కిలో, రెండు కిలోలు ఎగరగొడతారు. తేమకు తగ్గే తూకం తరుగే, కాదనం. కానీ ఎండబోసి, తూర్పారబట్టి, యంత్రంలో తేమ సరిగ్గా చూపిన ధాన్యానికీ అదే కోత కోస్తే అది తరుగు కాదు, తీయడం. తరగడం గింజ స్వభావం, తీయడం మనిషి పని. చిన్న రైతు, కౌలు రైతు ఈ రెంటినీ ఒకే మాటతో పిలిచినంత కాలం మిల్లరుకు చీకూ చింతా లేదు.

ఇట్లాంటి మాటలు ఇంకా ఉన్నాయి. "పైరవీ" ఉర్దూ కోర్టు భాషలోంచి వచ్చింది. అక్కడ దాని అర్థం కేసును వెంబడించి నడపడం, అందులో తప్పు లేదు. మన ఊళ్లకు వచ్చేసరికి దొడ్డిదారిన అధికారిని కలిసి ఒకరి పని చెడగొట్టి మరొకరి పని చేయించడం అయింది. "గోల్‌మాల్" అంటే డబ్బు కనపడకుండా పోవడం. "చేతివాటం" అంటే చిన్నగా నొక్కేయడం. ఇవన్నీ నవ్వుతూ అనే మాటలు. "వాడికి కొంచెం చేతివాటం ఉందిలే" అని నవ్వి ఊరుకుంటాం. అదే ఒక కూలీ దొరగారి చేలో రెండు కంకులు తుంచితే మాత్రం "దొంగ" అన్న నిక్కచ్చి మాటే వాడతారు. పెద్దవాడి దొంగతనానికి ముద్దుపేర్లూ, పేదవాడి ఆకలికి ఉన్నమాటా! ఈ భాష ఎవరు తయారుచేశారో వేరే చెప్పాలా?

"మరి నిజమైన పొరపాట్లు ఉండవా? గుమాస్తాలు మనుషులు కారా?" అని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఉంటాయి. ఒక్కొక్క ఉద్యోగి మీద నాలుగు ఊళ్ల పని పడుతున్నది. సర్వే నంబరులో ఒక అంకె అటూ ఇటూ కావచ్చు, ఇంటిపేరులో అక్షరం తప్పు పడవచ్చు. అట్లాంటివాటికి చిన్న ఉద్యోగి మీద పడి కేకలు వేయడం మా ఉద్దేశం కాదు. కానీ పొరపాటును గుర్తుపట్టే పద్ధతి ఒకటి ఉన్నది. పొరపాటుకు దిక్కు ఉండదు. ఒకసారి పేదవాడి సెంటు పెద్దవాడికి పోతే, ఇంకోసారి పెద్దవాడి సెంటు పేదవాడికి రావాలి. మన ఊళ్లలో డెబ్బై ఏళ్లుగా ఈ "పొరపాట్లు" ఎటు ప్రవహిస్తున్నాయి? పల్లపు నీళ్లలాగా అన్నీ ఒకే వైపు! మాలపల్లె నుంచి, మాదిగపల్లె నుంచి, గిరిజన గూడెం నుంచి పెద్ద కమతం వైపు. దిక్కున్న పొరపాటును పొరపాటు అనకూడదు.

ఈ సంగతిని గుర్తించిన చట్టమూ ఒకటి మన దగ్గర ఉన్నది. ఏజెన్సీ ప్రాంతాలకు వచ్చిన 1970 నాటి 1/70 నిబంధన. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ఆ చట్టం ముందుగా భావిస్తుంది. కాదు అని రుజువు చేసుకోవలసిన బరువు ఆ గిరిజనేతరుడి మీదే పెట్టింది. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. భూమి ఎటు ప్రవహించిందో చూసి రాసిన చట్టమది. దాన్ని అమలు చేసే చేతులు వేరే కథ. కానీ రుజువు భారం ఎవరి మీద ఉండాలో ఆ చట్టం చెప్పిన తీరు మైదాన ప్రాంతాల అసైన్డు భూములకూ, కౌలుదార్ల హక్కులకూ పాఠమే.

మామూలు శిక్షా చట్టంలో మాత్రం బరువు మన మీదే ఉన్నది. ప్రభుత్వోద్యోగి తప్పని తెలిసీ, మరొకరికి నష్టం కలిగించాలనిగానీ కలుగుతుందని తెలిసిగానీ తప్పుడు పత్రం తయారుచేస్తే మూడేళ్ల దాకా జైలు ఉన్నది. పాత శిక్షాస్మృతిలో అది 167వ సెక్షను. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 201. ఇక్కడ "తెలిసీ" అన్న ఒక్క మాట మీదే కేసంతా నిలబడుతుంది. మన అర్జీలో మనమే "రికార్డులు తారుమారైనవి కావున సరిచేయగలరు" అని రాసి ఇస్తే ఏమౌతుంది? తెలిసి చేసినవాడు లేడని మనమే సంతకం పెట్టినట్టౌతుంది. వాడి తరఫు వాదన మనమే రాసిపెట్టినట్టౌతుంది.

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి రెవెన్యూ ఫైళ్లు కాలిపోయినాయి. ఫైళ్లు తగలబడ్డాయా, తగలబెట్టారా అన్న ప్రశ్న మర్నాటికల్లా రాష్ట్రమంతా అడిగింది. ప్రభుత్వం దర్యాప్తును సీఐడీకి అప్పగించక తప్పలేదు. దోషి ఎవరన్నది తేల్చవలసింది న్యాయస్థానం. మేము ఎత్తిచూపేది ఒక్కటే. ప్రజలు ఆనాడు "తగలబడ్డాయి" అన్న మాట దగ్గర ఆగలేదు. "ఎవరు?" అన్నారు. ఆ ప్రశ్న లేకపోతే బూడిద ఊడ్చి, గోడలకు సున్నం వేసి సరిపెట్టేవారు. ఒక పట్నంలో ఆఫీసు కాలితే అడిగిన ఈ ప్రశ్నను ప్రతి ఊళ్లో, ప్రతి పహాణీ దగ్గర, ప్రతి మస్టరు దగ్గర, ప్రతి కాటా దగ్గర అడగాలి.

ఎట్లా అడగాలి? అరిచి కాదు, లెక్కపెట్టి.

మొదట, పేరు ఏ సంవత్సరంలో తిరగబడిందో పట్టుకోవాలి. తెలంగాణలో ఐతే 1954-55 ఖాస్రా పహాణీ మొదలుకొని, ఆంధ్రలో ఐతే పాత అడంగళ్లు మొదలుకొని ఒక్కొక్క ఏడాది నకలు తీసి పక్కపక్కన పెట్టండి. ఫలానా ఏడాది దాకా తాత పేరు ఉంటుంది, మరుసటి ఏడాది ఉండదు. ఆ రెండేళ్ల మధ్యన ఒక మనిషి ఉన్నాడు.

రెండవది, ఏ ఉత్తర్వు మీద మార్చారో అడగాలి. 1971 నాటి పాసుపుస్తకాల చట్టంలోనే, పేరు మార్చే ముందు సంబంధితులకు నోటీసు ఇవ్వాలన్న నియమం ఉన్నది. ఉత్తర్వు నంబరు ఎంత? నోటీసు ఎవరికి ఇచ్చారు? అందుకున్నట్టు సంతకం ఎవరిది? సమాచార హక్కు కింద అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము కూడా లేదు. "ఫైలు దొరకడం లేదు" అని రాసిస్తే ఆ కాయితాన్నీ జాగ్రత్త చేయండి. ఫైలు లేకుండా పేరు మారిందని వాళ్లే ఒప్పుకున్న సాక్ష్యం అది.

మూడవది, ఒంటరిగా పోవద్దు. ఒక్కడు పోతే "నీ కాయితం నువ్వే పోగొట్టుకున్నావు, పో" అంటారు. పదిమంది పోతే కుర్చీ వేస్తారు. పది కుటుంబాల నకళ్లు ఒకచోట పరిస్తే ఒకే ఏడాది, ఒకే చేతిరాత, ఒకే లాభస్తుడు బయటపడతారు. అప్పుడు అది పది పొరపాట్లు కాదని ఎవరైనా ఒప్పుకోక తప్పదు.

నాలుగవది, అర్జీలో మాట మార్చండి. "తారుమారైనది" తీసివేయండి. "ఫలానా సంవత్సరంలో, ఫలానా సర్వే నంబరులో, మా తాత పేరు తొలగించి ఫలానా వారి పేరు రాశారు. రాసినవారెవరో తేల్చండి" అని రాయండి. ఊళ్లో మాట్లాడేటప్పుడూ ఇట్లాగే మాట్లాడండి. పిల్లలకూ ఇట్లాగే చెప్పండి. "మన భూమి పోయింది" కాదు, "మన భూమి తీసుకున్నారు."

ప్రభుత్వాల ముందు మా డిమాండ్లు కొత్తవేం కావు. 2006లో కోనేరు రంగారావు భూమి కమిటీ తన నివేదికలో 104 సిఫార్సులు చేసింది. అవి ఎన్ని ప్రభుత్వాలు మారినా నివేదికలోనే నిద్రపోతున్నాయి. వాటిని బయటికి తీయాలి. ప్రతి గ్రామసభలో ఏడాదికొకసారి భూమి రికార్డును మస్టరు చదివినట్టు బిగ్గరగా చదవాలి. దున్నేవాడి పేరుకు, కౌలుదారు పేరుకు రికార్డులో చోటుండాలి. రికార్డు సరిచేస్తే సరిపోదు, చెడగొట్టింది ఎవరో అదే ఉత్తర్వులో రాయాలి. పేరు సరిచేసి దొంగను వదిలేస్తే వచ్చే ఏడు వాడు మళ్లీ వస్తాడు.

కంచే చేను మేస్తే చేను తరిగిపోయిందని ఏ రైతూ అనడు, కంచె మేసిందనే అంటాడు. అంతటి తెలివి మన సామెతలోనే ఉన్నది. దాన్ని అర్జీలోకి, గ్రామసభలోకి, కాటా దగ్గరికి తీసుకురావడమే మిగిలింది. ఎవరైనా "తారుమారైంది" అని తేలిగ్గా అనేసి పోతుంటే చేయి పట్టుకుని ఆపండి. "ఎవరు చేశారో చెప్పి పో" అనండి.